పెన్ను సూదీ, పొడి సీసా

ముప్పై నాలుగేళ్ళు ఏఎన్ఎంగా పనిచేశాను. అంటే పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సుని. మొదట వీరులపాడు చుట్టుపక్కల ఊళ్ళు, తర్వాత కీసర, పరిటాల వైపు. ఆ ఊళ్ళలో ఇవాళ మీసాలు దువ్వుకుంటున్న మగపిల్లల్లో చాలామంది నా చేతి సూదికి గుక్కపట్టి ఏడ్చినవాళ్ళే. మా అమ్మా నాన్నా మిరప చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. మా ఇంటికి వచ్చిన మొదటి నెల జీతం నాది. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు, ఇప్పుడూ పడను.

రిటైరయ్యాక నందిగామలో స్థిరపడ్డాం. మా ఆయన స్కూలు టీచరుగా నాకంటే ముందే రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నడకే నడక. అది ఆగిపోయేసరికి ఒళ్ళు పెరిగింది. రెండేళ్ళలో తొంభై నాలుగు కిలోలకు వచ్చాను. షుగరు అంతకుముందే ఉంది, మాత్రలు పెంచుకుంటూ పోతున్నారు. చర్చిలో మోకాళ్ళ మీద ప్రార్థన చేయడం మానేసి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాక నాకే సిగ్గేసింది. అప్పుడు మా డాక్టరు గారు వారానికి ఒకసారి వేసుకునే, పెన్ను ఆకారంలో వచ్చే కొత్త సూది గురించి చెప్పారు. షుగరుకీ పనిచేస్తుంది, ఆకలి తగ్గించి బరువూ తగ్గిస్తుంది.

రాసేస్తారని చెయ్యి చాపాను. ఆయన చీటీ ఇవ్వలేదు. ప్రశ్నలు మొదలుపెట్టారు. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? మీకెప్పుడైనా క్లోమం వాచిందా? పిత్తాశయంలో రాళ్ళున్నాయా? కళ్ళ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? ఆ తర్వాత రక్తపరీక్షలు.

"నేనూ నర్సునేనండీ. సూది రాయడానికి ఇంత పురాణమా?" అన్నా.

"మందు మంచిదేనమ్మా. మీకు మంచిదా కాదా అని చూసుకోవద్దా?" అన్నారాయన.

మొదటి రెండు నెలలూ చాలా ఇబ్బందిపడ్డాను. పక్కింట్లో నూనె కాగితే మా ఇంట్లో నాకు వికారం. ఇష్టమైన గోంగూర పచ్చడి ఎదురుగా పెట్టుకుని నాలుగు ముద్దలు తినలేకపోయేదాన్ని. మలబద్ధకం సరేసరి. డాక్టరు గారు తొందరపడలేదు. చిన్న డోసులోనే ఆపి, ఒళ్ళు అలవాటుపడ్డాక ఒక్కో మెట్టూ పెంచారు. కండ కరిగిపోకుండా గుడ్లూ పప్పూ తప్పకుండా తినమన్నారు, రోజూ నడవమన్నారు. ఏడాది తిరిగేసరికి డెబ్బై ఎనిమిది. షుగరు అదుపులోకి వచ్చింది. మోకాళ్ళ మీద ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టాను. జాకెట్లన్నీ బిగించి కుట్టించుకున్నాను. ఎవరడిగినా సూది వల్లనే తగ్గానని చెప్పేదాన్ని. గోరువెచ్చని నీళ్ళలో తేనె కలుపుకు తాగానని అబద్ధమాడడం నాకు చేతకాదు.

అదిగో, ఆ నిజం చెప్పడం వల్లే జగ్గయ్యపేట నుంచి ఫోనొచ్చింది.

ఫోన్ చేసింది అక్కడ పప్పులూ మిరపకాయలూ హోల్‌సేల్ చేసే షావుకారు గారి భార్య. వాళ్ళ అత్తగారు మంచాన పడ్డప్పుడు ఐదు నెలలు నేనే వెళ్ళి ఇన్సులిన్ వేసి, పుండ్లకు కట్లు కట్టాను. ఆవిడ నాకంటే నాలుగేళ్ళు చిన్నదే అయినా నన్ను నువ్వనే పిలుస్తుంది. నేను మీరంటాను. ఆ ఇంట్లో మొదటినుంచీ అంతే.

"నర్సమ్మా, మొన్న పెళ్ళిలో చూసా నిన్ను. సగమైపోయావు కదే! ఆ సూదులు మేమూ తెప్పించుకున్నాంలే. పొద్దున్నే కలిసి వాకింగ్ చేసే ఎనిమిది మందిమి. ఆదివారం మధ్యాహ్నం వచ్చి వేసిపో. ఊరికే కాదులే, ఇచ్చేది ఇస్తాం."

"డాక్టరు రాసిన చీటీలు దగ్గర పెట్టుకోండమ్మా" అన్నా.

"అన్నీ ఉన్నయ్యిలే, నువ్వు రా" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంత తిని బస్సెక్కాను. నా సూది రోజు కూడా ఆదివారమే. తిరిగొచ్చేసరికి ఆలస్యమవుతుందేమోనని నా పెన్నును ఐస్ ప్యాక్ ఉన్న చిన్న సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళాను.

వాళ్ళ హాలు నిండా ఆడవాళ్ళు. ఏసీ వేశారు. బల్ల మీద కారప్పూస, బిస్కెట్లు. పేరంటంలా ఉంది. ఆ ఇంటి కోడలు టీలు అందిస్తోంది. సన్నగా, మాట వినపడనంత నెమ్మదిగా ఉండే పిల్ల. నేను ఆ ఇంటి ముసలావిడకి కట్లు కట్టే రోజుల్లో కొత్త పెళ్ళికూతురు. దూది, గాజుగుడ్డ నేను అడక్కముందే చేతికందించేది.

షావుకారు గారి భార్య ఫ్రిజ్‌లోంచి స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల బొటనవేలంత గాజు సీసాలు. అడుగున తెల్లటి పొడి, పైన రబ్బరు బిరడా, దాని మీద నీలం మూత. పక్కన నీళ్ళ సీసా ఒకటి, ఇన్సులిన్ సిరంజీల ప్యాకెట్టు ఒకటి.

"ఇవేంటమ్మా? పెన్నులు కాదా?" అన్నా.

"పెన్నులకి ఎవరు పెడతారే అంత ధర! అదే మందు, పొడి రూపంలో. పెప్టైడ్ అంటారంట. మా ఎదురింటావిడ తమ్ముడు హైదరాబాదులో జిమ్ము నడుపుతాడులే, ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించి పంపాడు, వాళ్ళక్క ఫోన్లో దాని సర్టిఫికెట్ కూడా పెట్టాడు. నీది మామూలు మెడికల్ షాపు సరుకు. ఇది రీసెర్చ్ గ్రేడు. సైంటిస్టులు వాడేది!"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు. బియ్యంలో మొదటి రకం, రెండో రకం ఉన్నట్టు ఇది మొదటి రకమని వాళ్ళ నమ్మకం.

కళ్ళజోడు పెట్టుకుని సీసా కిటికీ వెలుతురులోకి పట్టాను. లేబుల్ మీద మందు పేరు ఇంగ్లీషులో ఉంది. దాని కింద చీమ తలకాయలంత అక్షరాలు. కూడబలుక్కుని పైకే చదివాను. "ఫర్ రీసెర్చ్ యూజ్ ఓన్లీ. నాట్ ఫర్ హ్యూమన్ యూజ్."

"అంటే ఏంటి?" అంది ఒకావిడ.

"పరిశోధనకి మాత్రమే, మనుషులకి వాడకూడదు అని" అంది ఇంకొకావిడ. ఆవిడ హైస్కూలు టీచరు. అప్పటిదాకా ఆవిడా ఆ లేబుల్ చదివినట్టు లేదు.

"అవన్నీ గవర్నమెంటు కోసం రాస్తారు. టాక్సులు తప్పించుకోడానికి" అని కొట్టిపారేసింది షావుకారు గారి భార్య.

నేను సంచీలోంచి నా పెన్ను తీసి సీసా పక్కన పెట్టాను. "రెండూ చూడండమ్మా" అన్నా. పల్లెల్లో తల్లుల్ని కూర్చోబెట్టి ఓఆర్ఎస్ కలపడం నేర్పించిన గొంతు అది, దానంతటదే వచ్చింది. "దీని మీద కంపెనీ పేరుంది, అడ్రసుంది. ఏ బ్యాచో ఉంది. ఎప్పుడు చేశారో, ఎప్పటిదాకా పనిచేస్తుందో ఉంది. ఎంత చలవలో ఉంచాలో ఉంది. డోసు దీంట్లోనే కొలిచి ఉంది, నేను తిప్పితే అంతే పడుద్ది. ఇప్పుడు మీ సీసా చూడండి. పేరుంది. ఇంకేముంది?"

ఒకరి తర్వాత ఒకరు సీసా తిప్పి చూశారు. ఇంకేమీ లేదు.

"ఇది హైదరాబాదు నుంచి ఎట్టా వచ్చింది?"

"కొరియర్‌లో."

"ఐసు పెట్టి పంపారా?"

ఎదురింటావిడ కారప్పూస పళ్ళెం పక్కావిడ వైపు జరిపింది.

పొడి మందులు నాకు కొత్త కాదు. తట్టు టీకా, బీసీజీ టీకా పొడిగానే వస్తాయి. వాటిలో కలపాల్సిన నీళ్ళు వాటితోపాటే వస్తాయి. దాని నీళ్ళు దానికే, ఇంకోటి కలపకూడదు. కలిపిన టైము సీసా మీద రాయాలి. నాలుగు గంటలు దాటితే ఎంత మిగిలినా పారేయాలి. ఒకసారి వీరులపాడు దగ్గర ఒక ఊళ్ళో ఇరవై మంది పైగా తల్లులు చంకల్లో పిల్లలతో ఎదురుచూస్తున్నారు. పెట్టె తెరిస్తే పొడి సీసాలున్నాయి, వాటి నీళ్ళు రాలేదు. వేరే మందు తాలూకు నీళ్ళు ఉన్నాయి. రంగూ రుచీ ఒకటే, ఎవరికీ తెలియదు కూడా. నేను వేయనన్నాను. కూలి మానుకుని వచ్చిన తల్లులు తిట్టారు. ఊరి పెద్దలు మీద మీదికొచ్చారు. మర్నాడు సరైన నీళ్ళతో మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, ఒక్క పిల్లాణ్ణి వదలకుండా వేసొచ్చాను. ఆ కథంతా ఆ రోజు హాల్లో చెప్పాను.

"మరి ఈ నీళ్ళు ఎక్కడివి? దీంట్లో ఎంత కలపాలి? సిరంజీలో ఎన్ని గీతలు లాగాలి? ఎన్ని వారాలు ఉంచుతారు? ఒకే సీసాలో ఎనిమిది మందికి సూదులు గుచ్చుతారా?"

"పది గీతలు లాగమని మెసేజ్ పెట్టాడు" అంది ఎదురింటావిడ చిన్న గొంతుతో.

అప్పుడు షావుకారు గారి భార్యకు కోపం వచ్చింది. పిలిచిన ఇంట్లో పదిమంది ముందు ప్రశ్నలు వేస్తే రాదా మరి. "నర్సమ్మా, నీ పని సూది గుచ్చడం. గుచ్చు. మందు సంగతి నీకేం తెల్సు? అది మేం చూసుకుంటాంలే" అంది.

నా చెవులు వేడెక్కాయి. ముప్పై నాలుగేళ్ళు ఎండలో మోసిన పెట్టె బరువంతా ఒక్కసారి భుజం మీద పడ్డట్టనిపించింది. నా పెన్ను తీసి సంచీలో పెట్టుకుని లేచాను.

"అత్తయ్యా, ఆంటీ చెప్పింది నిజమేనండి."

ఎవరా అని చూశాను. కోడలు. ఖాళీ కప్పుల ట్రే చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు లోపలికెళ్ళు" అంది అత్తగారు.

"వెళ్తానండి. రెండు నిమిషాలు" అని ఆ పిల్ల ట్రే బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలలాడాయి. ఎదురింటావిడ దగ్గరికి వెళ్ళి, "పిన్నిగారూ, ఆ సర్టిఫికెట్ అన్నారే, ఒకసారి చూపిస్తారా?" అని అడిగింది.

ఆ అమ్మాయి బీఫార్మసీ చదివిందని అప్పటిదాకా నాకు తెలియదు. ఐదు నెలలు ఆ ఇంటికి వెళ్ళొచ్చినా నాకెవరూ చెప్పలేదు. మందులు ఎలా తయారుచేస్తారో, ఎలా పరీక్షిస్తారో నాలుగేళ్ళు చదివి మంచి మార్కులతో పాసైన పిల్ల ఐదేళ్ళుగా ఆ హాల్లో టీలు అందిస్తోంది.

ఫోన్లో సర్టిఫికెట్ వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"ఇక్కడ ప్యూరిటీ తొంభై తొమ్మిది శాతం అని ఉందండి. అది చూసే అందరూ నమ్మేది. కానీ ప్యూరిటీ అంటే ఆ పొడిలో వేరే పదార్థాల కల్తీ ఎంతుందో చెప్పుద్ది, అంతే. సీసాలో మందు ఎంతుందో చెప్పదు. క్రిములున్నాయో లేదో చెప్పదు. ఒంట్లోకి ఎక్కించే మందుకి స్టెరిలిటీ టెస్టు ఉండాలి, ఎండోటాక్సిన్ టెస్టు ఉండాలి. ఇందులో రెండూ లేవు."

"ఎండో... అదేంటి?" అంది టీచరు గారు.

"బ్యాక్టీరియా చచ్చినా దాని విషం మిగిలుద్దండి. మరగబెట్టినా పోదు. అది సూదితో లోపలికెళ్తే చలిజ్వరం, బీపీ పడిపోవడం. కంపెనీ మందుకి ప్రతి బ్యాచ్‌కీ ఆ పరీక్ష చేయాలి. లేకపోతే బయటికి రానివ్వరు. పైగా ఈ సర్టిఫికెట్ మీద ఏదో బ్యాచ్ నంబరుంది, మన సీసా మీద నంబరే లేదు. ఇది ఈ సీసాదే అని ఎట్టా చెప్తాం?"

"పోనీ, పది గీతలు వేసుకుంటే ఏమవుద్ది?" ఎదురింటావిడ.

"పిన్నిగారూ, చెంచా ఉప్పు గ్లాసు నీళ్ళలో కలిపి పది చుక్కలు తాగండి. అదే ఉప్పు చెంబెడు నీళ్ళలో కలిపి పది చుక్కలు తాగండి. చుక్కలు అవే, ఉప్పు అంతేనా? ఎన్ని నీళ్ళు కలపాలో ఆ మెసేజ్‌లో లేదు."

టీచరు గారు సూటిగా అడిగింది. "అయితే ఇది దొంగ మందంటావా? ఇందులో అసలు మందే లేదా?"

తొందరపడి అవునంటుందేమో అనుకున్నాను.

"ఉండొచ్చండి. లేకపోవచ్చు. రాసినదానికంటే ఎక్కువే ఉండొచ్చు. ఏదీ చెప్పలేం. చెప్పగలిగినవాళ్ళూ ఎవరూ లేరు. రేపు ఏమన్నా అయితే వెళ్ళి అడగడానికి ఒక అడ్రసు లేదు. ఇబ్బంది అదేనండి."

నా టీకా పెట్టె ఎన్నిసార్లు తెరిచానో, ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. కానీ ఇంత తక్కువ మాటల్లో, తెలిసింది తెలిసినంత, తెలియనిది తెలియదని చెప్పడం ఎవరి నోటా వినలేదు. నాకేమీ కాని ఆ పిల్లను చూసి, నా కడుపున పుట్టిన బిడ్డ స్టేజీ మీద బహుమతి తీసుకుంటున్నట్టు మురిసిపోయాను.

అత్తగారు మాత్రం మొహం ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎదురింటావిడ, ఇంకో ఇద్దరు తమ సీసాలు తీసుకుని లేచారు. మిగిలినవాళ్ళతో నేనొక్కటే చెప్పాను. "సూది మంచిది కాదని నేననడం లేదమ్మా, నేను వేసుకుంటున్నా. నందిగామలో మా డాక్టరు గారి దగ్గరికి రండి. కావాలంటే నేనూ వస్తా."

గేటు దాకా కోడలు వచ్చింది. "నీకు ఇంట్లో ఇబ్బంది అవుద్దేమో తల్లీ, నా వల్ల" అన్నా.

"అవుద్దండి" అంది నవ్వుతూ. "కానీ ఐదేళ్ళయింది ఆంటీ, ఇట్టా మాట్లాడి. ఎండోటాక్సిన్ అన్న మాట ఇంకా గుర్తుందని నాకే తెలీదు."

బుధవారం టీచరు గారు ఫోన్ చేసింది. మరో వారానికి ఐదుగురు రెండు కార్లలో నందిగామ వచ్చారు. ఐదోది షావుకారు గారి భార్యే. ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. నా మాట తప్పని డాక్టరు చేత అనిపిద్దామనే వచ్చిందేమో. వెంట కోడలు, కోడలి చేతిలో లావుపాటి ఫైలు.

డాక్టరు గారు నన్నడిగిన ప్రశ్నలే ఒక్కొక్కరినీ అడిగారు. టీచరు గారికీ, ఇంకొకావిడకీ పరీక్షలు చూశాక సూది రాశారు. ఒకమ్మాయి రెండో బిడ్డ కోసం చూస్తోందట. ఆ ఆలోచన ఉన్నప్పుడు ఈ సూది వద్దన్నారు. నాలుగో ఆవిడకి థైరాయిడ్ మాత్ర డోసు సరిపోవడం లేదు, ముందు అది సరిచేద్దామన్నారు.

చివరికి షావుకారు గారి భార్య.

"ఎప్పుడైనా గట్టి కడుపునొప్పితో ఆస్పత్రిలో చేరారా?"

"లేదండి. నాకేం రోగం లేదు" అందావిడ.

"అత్తయ్యా" అంది కోడలు నెమ్మదిగా, "మా పెళ్ళి కుదిరినప్పుడు ముహూర్తం ఒక నెల వాయిదా వేశారు కదండీ. మీరు విజయవాడ ఆస్పత్రిలో వారం రోజులున్నారని." ఫైలు తెరిచి ఒక కాగితం డాక్టరు గారి ముందు పెట్టింది.

ఆయన చదివి కళ్ళజోడు తీశారు. "క్లోమం వాచింది అప్పుడు. చావు తప్పి బయటపడ్డారు. ఈ సూది మీకు నేను రాయనమ్మా. ఎవరు రాసినా వేసుకోకండి."

"మరి... ఆ పొడి సీసాలోదైతే?" ఇంకా ఆశ చావలేదు ఆవిడకు.

"అందులో నిజంగా ఈ మందే ఉంటే అదే ప్రమాదం. ఇంకేదన్నా ఉంటే ఏ ప్రమాదమో నాకూ తెలీదు."

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. మొహంలో కోపం లేదు, భయం ఉంది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. ఒక సంగతి నాకప్పుడే తట్టింది. ఆ రోజు వాళ్ళింట్లో నేను వేయనన్నది సీసాను చూసి. మనిషిని చూసి కాదు. ఆ డబ్బాలో పొడి సీసాలకు బదులు అసలైన పెన్నులే ఉండి ఉంటే, చీటీలున్నాయిలే అన్న మాట నమ్మి వేసేసేదాన్నేమో. సీసా గురించి అన్ని ప్రశ్నలు వేసినదాన్ని, ఆవిణ్ణి ఒక్కటీ అడగలేదు. నా పని గురించి నాకెంత గర్వమున్నా ఈ సంగతి దాచుకోను.

కాసేపటికి ఆవిడ తలెత్తి, "మీరు తిన్నారా మధ్యాహ్నం?" అంది.

మీరు అంది. నేను విన్నది నిజమేనా అని ఒక్క క్షణం ఆగి, "తిన్నానండి" అన్నాను.

ఆ సీసాల్లో వాళ్ళ వంతువి కోడలు చెత్తబుట్టలో వేయనివ్వలేదు. ఆస్పత్రి వ్యర్థాల్లో కలిపేయమని తీసుకొచ్చి అక్కడే అప్పగించింది. ఆ రోజు లేచి వెళ్ళిపోయిన ముగ్గురి సంగతి పూర్తిగా తెలియదు. ఎదురింటావిడ ఇప్పటికీ పొడి సూదే వేసుకుంటోందని విన్నాను. బాగానే ఉందో, ఏమైనా ఇబ్బంది పడి చెప్పుకోలేకపోతోందో. బస్టాండులో ఒకసారి కనిపించి మొహం తిప్పుకుంది. ఆవిడకేమీ కాకూడదనే కోరుకుంటాను. నా మాట నెగ్గడం కోసం ఒకరికి జ్వరం రావాలని కోరుకునే మనిషిని కాదు.

టీచరు గారు నెమ్మదిగా తగ్గుతోంది. నాకు వచ్చిన వికారమే ఆవిడకూ వస్తే ఫోన్ చేసి అడుగుతుంది. షావుకారు గారి భార్య సూది లేకుండానే, డాక్టరు గారు రాసిచ్చిన తిండి చీటీ పట్టుకుని ఐదారు కిలోలు తగ్గింది. ఆ చీటీ అమలుచేసేది కోడలే. నెయ్యి డబ్బా ఎక్కడ దాచిందో చెప్పడం లేదని అత్తగారు ఒకసారి నాకు ఫోన్లో ఫిర్యాదు కూడా చేసింది.

కోడలు ఉద్యోగం సంగతి మొదట కదిపింది డాక్టరు గారే. ఆ ఫైలు తేదీల ప్రకారం సర్ది తెచ్చిన తీరు చూసి, "ఏం చదివావమ్మా?" అని అడిగారు. వాళ్ళ ఆస్పత్రి మందుల షాపులో ఫార్మసిస్టు మానేసి రెండు నెలలైందట. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళిన ఆనవాయితీ లేదు. కొడుకు తటపటాయించాడట, మామగారు దుకాణంలో లెక్కలు చూసుకోమన్నారట. "మన దుకాణంలో కందిపప్పు గురించి చెప్పడానికి మీరున్నారు కదండీ. దాని చదువుకు తగ్గ పని దాన్ని చేసుకోనీండి" అని తేల్చేసింది అత్తగారేనట. ఇప్పుడు పెళ్ళిళ్ళలో నలుగురు కూడితే, అడిగినా అడక్కపోయినా, "మా కోడలు ఫార్మసిస్టండీ" అని ఆవిడే మొదలుపెడుతోంది. రోజూ పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వస్తుంది ఆ పిల్ల.

మొన్న నా పెన్ను అయిపోతే ఆ షాపుకే వెళ్ళాను. నా ముందు ఒకాయన నిలబడ్డాడు. ఖరీదైన చొక్కా, చేతిలో కారు తాళం. భార్యకి బరువు తగ్గే సూది కావాలని, ఏ డోసు ఉంటే అది ఇచ్చేయమని అంటున్నాడు.

"డాక్టరు గారి చీటీ ఉందాండీ?"

"చీటీ ఎందుకు? డబ్బులిస్తున్నాగా!"

"చీటీ లేకుండా ఇవ్వనండి. మేడంగార్ని తీసుకురండి, పక్కనే డాక్టరు గారున్నారు, చూపించుకుని వెళ్ళండి."

ఆయన గొంతు పెంచాడు. ఆ పిల్ల గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. ఇవ్వనండి అన్న మాట రెండోసారి కూడా అదే శ్రుతిలో చెప్పి, వరసలో తర్వాతి మనిషి వైపు తిరిగింది. ఆ మనిషిని నేనే. తెలిసినదాన్ని కదా, నవ్వుతుందనుకున్నాను. నా చీటీ తీసుకుని పైనుంచి కిందిదాకా మొత్తం చదివింది. తేదీ చూసింది.

"డాక్టరు గారు ఈసారి డోసు తగ్గించారు ఆంటీ. ఇంట్లో పాత పెన్ను మిగిలుంటే అది వాడకండి. షుగరు చూపించుకున్నారా ఈ నెల?"

"చూపించుకున్నానండి" అన్నాను. ఆ పిల్లని అండి అనడం అదే మొదటిసారి. పెన్ను తీసుకుని బయటికొచ్చాను. ఎదురుగా టీకొట్టు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. ఏమిటలా నవ్వుకుంటూ వస్తున్నావని అడిగితే, అక్కడే నిలబడి మొదటినుంచీ చెప్పాను.